కాగితాలు ఇవ్వని కార్డు: లైనక్స్ తెర నల్లబడటం వెనక ఉన్న చరిత్ర



ఈసారి పోస్టు కూడా చరిత్ర మీదే, కానీ జోడేఘాట్ గురించో ఇంద్రవెల్లి గురించో కాదు, కంప్యూటర్ తెర గురించి. లైనక్స్ వేసుకున్నాక తెర నల్లగా అయిపోవడం, అక్షరాలు ఇంతింత లావుగా కనబడటం, వీడియో పెడితే ఆగి ఆగి ఆడటం మనవాళ్లలో చాలామందికి అనుభవమే. అప్పుడు మనం అనుకునే మాట ఒక్కటే. "మన ఇంట్లో ఎవరూ చదువుకోలేదు, ఇవన్నీ మనకు ఎక్కడ అర్థమైతయి." ఆ మాట తప్పు అని చెప్పడానికే ఇంత పొడుగు రాస్తున్నాం. ఆ తెర నల్లబడటానికి నలభై ఏళ్ల పైబడిన కథ ఉంది. ఆ కథలో మన తెలివితక్కువ ఎక్కడా లేదు.

మా హాస్టల్‌లో కంప్యూటర్ అంటే డబ్బా కంప్యూటరే. కొత్త ల్యాప్‌టాప్ కొనేంత పైసలు ఎవరి దగ్గరా లేవు. స్కాలర్‌షిప్ పడ్డ నెలలో కొంతమందిమి కలిసి పైసలు వేసుకుని, నాంపల్లి స్టేషన్ దగ్గర దిగి ఆబిడ్స్ దాకా నడుస్తాం. ఆ చుట్టుపక్కల గల్లీల్లో, కోఠి గుజరాతీ గల్లీ వైపు, వాడిన సామాను చూసుకుంటూ తిరుగుతాం. ఒకచోట ఆఫీసు వదిలేసిన పాత డబ్బా, ఇంకోచోట మానిటర్, మరోచోట గ్రాఫిక్స్ కార్డు. దండారి వీడియోలు ఎడిట్ చేయాలన్నా, కాలేజీ ప్రాజెక్టుకు త్రీడీ బొమ్మ గీయాలన్నా కార్డు ఉంటే పని తేలికైతది. దుకాణంలో అయితే "విండోస్ వేసి ఇస్త, లైనక్స్ గీనక్స్ వద్దు" అంటారు. వేసేది దొంగ కాపీ. అందుకే మేం లైనక్స్ పట్టుకున్నాం. పట్టుకున్నాక వచ్చే మొదటి తలనొప్పి పేరే డ్రైవర్.

డ్రైవర్ అంటే దుబాసీ అనుకోండి. ఊరికి ఆఫీసర్ వస్తే, అటు తెలుగు ఇటు గోండి తెలిసిన ఒకాయన మధ్యలో నిలబడి చెప్తాడు కదా, అది. కంప్యూటర్ నడిపే అసలు ప్రోగ్రాంను కెర్నల్ అంటారు. కెర్నల్‌కు కార్డు భాష రాదు, కార్డుకు కెర్నల్ భాష రాదు. మధ్యలో డ్రైవర్ కావాలి. ఆ దుబాసీ తయారు కావాలంటే కార్డు ఏ మాటకు ఏం చేస్తదో రాసి ఉన్న కాగితాలు కావాలి. ఆ కాగితాలు కార్డు చేసిన కంపెనీ దగ్గర ఉంటాయి. కంపెనీ ఇస్తే ఒక కథ, ఇవ్వకపోతే ఇంకో కథ.

కాగితం ఎవరి చేతిలో ఉంటే మాట వాళ్లదే అని మనకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. నిజాం కాలంలో ఆదిలాబాద్ అడవుల్లో భూమి లెక్కలు ఉర్దూలో నడిచేవి. దున్నేది గోండులు, కాగితం చదివేది వేరేవాళ్లు. 1940లో కొమురం భీం అమరుడయ్యాకే సర్కారుకు కదలిక వచ్చి హైమెండార్ఫ్‌ను పంపింది. 1943లో మార్లవాయిలో గోండి వాచకాలతో చదువు మొదలైంది. కంప్యూటర్ల లోకంలో కూడా గొడవ ఇలాగే ఒక కాగితం దగ్గరే మొదలైంది. అది గ్రాఫిక్స్ కార్డు కాగితం కాదు, ప్రింటర్‌ది.

1980 ప్రాంతంలో అమెరికాలో ఎంఐటీ అనే విద్యాసంస్థ ల్యాబ్‌లో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ప్రోగ్రామర్ ఉండేవాడు. పాత ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంటే అందరికీ కబురు వెళ్లేలా ఆయన దాని ప్రోగ్రాంను మార్చి పెట్టుకున్నాడు. తర్వాత జెరాక్స్ కంపెనీ కొత్త లేజర్ ప్రింటర్ వచ్చింది. దాని ప్రోగ్రాం మూలం ఇవ్వలేదు. ఇంకో యూనివర్సిటీలో ఒకరి దగ్గర ఉందని తెలిసి పోయి అడిగితే, ఎవరికీ ఇవ్వనని మాటిచ్చి సంతకం పెట్టానని ఆయన అన్నాడు. ఆ కోపం మనసులో అలాగే ఉండి, 1983 సెప్టెంబర్‌లో గ్నూ అనే ఉద్యమం ప్రకటించేదాకా వచ్చింది. ఎవరైనా చదవగలిగే, మార్చగలిగే, పంచగలిగే సాఫ్ట్‌వేర్ ఉండాలన్నది దాని పట్టు. 1991 ఆగస్టులో ఫిన్లాండ్‌లో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి తను రాస్తున్న కెర్నల్ గురించి ప్రకటించాడు. అప్పుడు ఆయన వయసు 21. మనకంటే ఒక ఏడాది పెద్ద, అంతే. ఆ కెర్నలే లైనక్స్.

తెర మీద కిటికీలు, బొమ్మలు చూపించే పని మాత్రం కెర్నల్‌ది కాదు. దానికి ఎక్స్ అనే వేరే వ్యవస్థ ఎంఐటీలోనే 1984లో మొదలైంది. మామూలు పీసీల మీద దాన్ని నడపడానికి 1992లో ఎక్స్‌ఫ్రీ86 అనే గుంపు పుట్టింది. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు కదా, అక్కడ లైనక్స్ మీద పాత లావు పుస్తకాలు కనబడితే తిరగేయండి. ఆ కాలం పుస్తకాల్లో తెర సరిచేసుకోవడం మీదే ఒక అధ్యాయం ఉండేది. మానిటర్ అడ్డంగా సెకనుకు ఎన్ని గీతలు గీస్తది, నిలువుగా ఎన్నిసార్లు గీస్తది అన్న అంకెలు మనమే ఒక ఫైలులో రాయాలి. తప్పు అంకె రాస్తే పాత గాజు గొట్టం మానిటర్ పాడైపోవచ్చని హెచ్చరిక కూడా ఉండేది. దాన్ని చూస్తే ఇప్పటి నల్ల తెర చాలా మంచిది. రీస్టార్ట్ చేస్తే మళ్లీ వస్తది.

అప్పటికి కార్డులు చిన్నవి, వాటి భాష కూడా చిన్నదే. 1990ల చివర త్రీడీ ఆటలు వచ్చాక లెక్క మారిపోయింది. 1993లో పుట్టిన ఎన్విడియా 1999లో జీఫోర్స్ 256 తెచ్చి, దానికి జీపీయూ అన్న పేరును బాగా ప్రచారం చేసింది. పోటీ పెరిగింది, కాగితాలు బీరువాలోకి పోయాయి. 2000లో ఎన్విడియా లైనక్స్‌కు డ్రైవర్ ఇచ్చింది, కానీ మూట కట్టి ఇచ్చింది. లోపల ఏముందో చదవడానికి లేదు. బొమ్మలు బాగా వచ్చేవి, వేగం బాగుండేది. ఆ మాట ఒప్పుకోవాలి. చిక్కు ఎక్కడంటే, కెర్నల్ ఆగదు. రెండు మూడు నెలలకొకటి కొత్తది వస్తది, లోపలి పద్ధతులు మారుతుంటాయి. కెర్నల్ ఇంట్లోనే ఉన్న డ్రైవర్లను, ఆ పద్ధతి మార్చినవాళ్లే దానికి తగ్గట్టు సర్దుతారు. ఇంటి బయట ఉన్న మూటను ఎవరూ సర్దలేరు. కంపెనీయే కొత్త మూట ఇవ్వాలి. మీరు సోమవారం అప్‌డేట్ కొడితే మంగళవారం తెర నల్లబడటానికి పెద్ద కారణం ఇదే. మీరేం చెడగొట్టలేదు. కెర్నల్ ఒక అడుగు ముందుకు పోయింది, మూట వెనకబడింది.

దీనికి కట్టు కట్టడానికి డీకేఎంఎస్ అనే పనిముట్టు వచ్చింది. డెల్ కంపెనీ ఇంజనీర్లు తయారుచేసింది. కొత్త కెర్నల్ వచ్చినప్పుడల్లా, మూట చుట్టూ ఉండే తెరిచిన భాగాన్ని మళ్లీ కంపైల్ చేసి అతికిస్తుంది. దానికి ఆ కెర్నల్ హెడర్లు అనే ఫైళ్లు కావాలి. అవి లేకపోతే గమ్మున ఊరుకుంటది, తెర మాత్రం రాదు. హాస్టల్‌లో నెట్ మధ్యలో తెగి సగం అప్‌డేట్ అయినప్పుడు జరిగేది చాలాసార్లు ఇదే. కాబట్టి అప్‌డేట్ మొదలుపెడితే పూర్తయ్యేదాకా కదలకండి.

ఇక మాకు బాగా నచ్చిన భాగం. 2005లో స్టెఫాన్ మార్షెసిన్ అనే ఫ్రెంచ్ ప్రోగ్రామర్, మరికొందరు కలిసి, కాగితాలు ఇవ్వకపోతే మేమే రాసుకుంటాం అని మొదలుపెట్టారు. దాని పేరు నూవో. ఫ్రెంచ్‌లో కొత్త అని అర్థం. అప్పటికే ఉన్న చిన్న డ్రైవర్ పేరు రెండక్షరాలు, ఎన్వీ. ఆయన చాట్‌లో అది టైప్ చేసినప్పుడల్లా ఆయన ప్రోగ్రాం దాన్ని నూవో అని మార్చమని సూచించేదట, అదే పేరైపోయింది. వాళ్లు చేసిన పని ఏంటంటే, కంపెనీ డ్రైవర్‌ను నడవనిచ్చి, అది కార్డుతో మాట్లాడే ప్రతి మాటనూ రాసుకోవడం. ఒక రంగు మార్చి చూస్తారు, ఏ అంకె మారిందో రాసుకుంటారు. ఒక త్రికోణం గీయిస్తారు, మళ్లీ రాసుకుంటారు. ఆ అంకెలు పోగు చేయడానికి ప్రపంచంలో ఎవరింట్లో ఏ కార్డు ఉన్నా ఈ చిన్న ప్రోగ్రాం నడిపి ఫలితం పంపండని అడిగారు. జనం పంపారు. అలా ఐదేళ్లు. 2010 ఫిబ్రవరిలో 2.6.33 కెర్నల్‌తో నూవో లైనక్స్ ఇంట్లోకి వచ్చింది.

దీన్ని చదువుతుంటే మాకు గిడుగు రామమూర్తి గుర్తొచ్చారు. పర్లాకిమిడిలో ఉండి, సవర భాషకు పుస్తకం గానీ నిఘంటువు గానీ లేని రోజుల్లో, సవరవాళ్ల దగ్గర కూర్చుని, విని, అడిగి, రాసుకుని నేర్చుకున్నారు. 1931లో సవర భాష మీద ఆయన పుస్తకం, 1938లో నిఘంటువు వచ్చాయి. దశాబ్దాల శ్రమ. తేడా ఒకటుంది, అది చెప్పకపోతే అన్యాయం. సవరవాళ్లు తమ భాషను దాచలేదు, అడిగినాయనకు ఓపిగ్గా చెప్పారు. నిఘంటువు మీద పేరు ఒకరిదే ఉన్నా నేర్పిన నోళ్లు చాలా. నూవో వాళ్లకు నేర్పేవాళ్లు లేరు, దొంగచాటుగా వినాల్సి వచ్చింది.

మిగతా కంపెనీలు వేరే దారిలో పోయాయి. ఇంటెల్ తన డ్రైవర్లను చాలావరకు బాహాటంగానే రాయించింది. ఏఎండీ 2006లో ఏటీఐని కొని, 2007లో కాగితాలు బయటపెట్టడం మొదలుపెట్టింది. 2015లో ఏఎండీ కొత్త డ్రైవర్ కెర్నల్‌లోనే చేరిపోయింది. ఇవి ఉన్నవాళ్లు మామూలుగా డ్రైవర్ అని వెతకనే అక్కర్లేదు, లైనక్స్‌తోపాటే వస్తది. మేం చూసిన చాలా తంటాలు, ఏఎండీ కార్డుకు కూడా వెబ్‌సైట్ నుంచి ఏదో దించి వేయబోవడం వల్లనే.

2012 జూన్‌లో ఫిన్లాండ్‌లోని ఆల్టో యూనివర్సిటీలో ఒక అమ్మాయి ఎన్విడియా గురించి లైనస్‌ను అడిగింది. ఆయన కెమెరా వైపు తిరిగి మధ్యవేలు చూపించి ఒక మాటన్నాడు. ఆ మాట ఇక్కడ రాయం. మరుసటి ఏడాది ఎన్విడియా నూవో వాళ్లకు కొన్ని కాగితాలు ఇచ్చింది. 2014 తర్వాతి జీటీఎక్స్ 900 వరుస నుంచి మాత్రం ఇంకో తాళం పడింది. కంపెనీ సంతకం ఉన్న ఫర్మ్‌వేర్ లేకపోతే కార్డు పూర్తి వేగం అందుకోదు. నూవో నడుస్తది, కానీ కుంటుకుంటూ. 2022 మే నెలలో కంపెనీయే కెర్నల్ భాగం మూలం బయటపెట్టింది. అది కూడా ట్యూరింగ్ తరం, అంటే 2018 నుంచి వచ్చిన కార్డులకే. పైభాగం ఇంకా మూటలోనే ఉంది. ఎన్విడియాకు, ఏఎండీకి ఇద్దరికీ మన హైదరాబాద్‌లో ఆఫీసులున్నాయి. ఆబిడ్స్ నుంచి బస్సు దూరం.

ఈ చరిత్ర అంతా ఎందుకంటే, మనం సెకండ్ హ్యాండ్‌లో కొనేది దాదాపు అన్నీ ఆ మధ్యకాలం కార్డులే. వాటికి ఏ డ్రైవర్ సరిపోతుందో కార్డు పుట్టిన తరం చెప్తది, పేరు చెప్పదు. జీటీ 610 ఫెర్మీ తరం, దానికి చివరి మూట 390 వరుస. జీటీ 710 కెప్లర్ తరం, దానికి 470. 390కి కంపెనీ సాయం 2022తో ఆగింది, 470కి 2024లో ఆగింది. అన్నిటికంటే చిక్కుది జీటీ 730. ఒకే పేరుతో రెండు తరాలు అమ్మారు. 128 బిట్ డీడీఆర్3 రకం ఫెర్మీ, 64 బిట్ రకాలు కెప్లర్. పెట్టె మీద పేరు ఒకటే, కావాల్సిన డ్రైవర్లు వేరు. ఒకే కార్డు అనుకుని ఒకరు చెప్పిన ఉపాయం ఇంకొకరికి పనిచేయకపోతే తల కొట్టుకోవాల్సిన పని లేదు. టెర్మినల్ తెరిచి ఎల్ఎస్‌పీసీఐ అని ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొడితే వీజీఏ అనే లైనులో చిప్ అసలు పేరు వస్తది. జీఎఫ్ 108 అని ఉంటే ఫెర్మీ, జీకే 208 అని ఉంటే కెప్లర్. ఇంత పాత కార్డులకు మా సలహా అయితే, మూట జోలికి పోకుండా నూవోతోనే సరిపెట్టుకోండి. మామూలు పనికి, వీడియో చూడటానికి, రాతపనికి చాలు. పైన చెప్పిన సంతకం తాళం వీటికి లేదు.

తెర పూర్తిగా నల్లగా ఉన్నప్పుడు టెర్మినల్ ఎట్లా తెరవాలి అంటారు. దీనికీ ఒక చరిత్ర ఉంది. 2009 ప్రాంతంలో తెర కొలత నిర్ణయించే పనిని ఎక్స్ నుంచి తీసి కెర్నల్‌కు అప్పగించారు. ఆ పని ఇప్పుడు చేయొద్దు అని కెర్నల్‌కు చెప్పే మాటే నోమోడ్‌సెట్. కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో ఇ అనే కీ నొక్కి, లైనక్స్ అనే పదంతో మొదలయ్యే లైను చివర ఆ మాట చేర్చి ఎఫ్10 నొక్కండి. అందవికారంగానైనా తెర వస్తది. ఇది ఆ ఒక్కసారికే, మళ్లీ స్టార్ట్ చేస్తే పోతుంది. అది కూడా రాకపోతే కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కి అక్షరాల తెరకు పోయి లాగిన్ అవ్వచ్చు. కొత్తవాళ్లు ఒకటి ముందే చూసుకోండి, నవ్వకండి: మానిటర్ తీగ మదర్‌బోర్డు రంధ్రంలో కాకుండా కార్డు రంధ్రంలోనే ఉందా అని.

కొత్త కార్డు ఉన్నవాళ్లు కంపెనీ వెబ్‌సైట్‌లో దొరికే ఇన్‌స్టాలర్ వేయకండి. అది లైనక్స్ సొంత లెక్కల పుస్తకంలో ఎక్కదు, తర్వాత తీసేయడం నరకం. ఉబుంటు, మింట్‌లో అడిషనల్ డ్రైవర్స్ అనో డ్రైవర్ మేనేజర్ అనో ఉంటది, అది మీ కార్డు చూసి తగిన వరుసను తనే సూచిస్తుంది.

వేసేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమంటే, అది సెక్యూర్ బూట్ పని. 2012లో విండోస్ 8తోపాటు వచ్చిన కాపలా అది. సంతకం లేనిదాన్ని కెర్నల్‌లోకి రానివ్వదు. రీస్టార్ట్‌లో నీలం తెర వచ్చి పది సెకన్లే ఆగుతుంది. ఏదో ఒక కీ నొక్కి, ఎన్‌రోల్ మోక్ అనేది ఎంచుకుని, పెట్టుకున్న పాస్‌వర్డ్ ఇవ్వాలి. ఆ పది సెకన్లలో చాయ్ తాగడానికి పోతే డ్రైవర్ ఎక్కదు, అంతా సరిగ్గా చేశాం కదా అని రెండు రోజులు వెతుక్కోవాలి.

ఇంకో గందరగోళం మనవాళ్లకే ప్రత్యేకం. నార్నూర్ మండలం గుంజాల ఊరి గోండి లిపి 2018 జూన్‌లో యూనికోడ్‌లో చేరింది. బాలాఘాట్ వైపు మసారాం గోండి లిపి అంతకు ఏడాది ముందే చేరింది. ఆ లిపిలో రాసింది ఎవరైనా పంపితే లైనక్స్‌లో ఖాళీ డబ్బాలుగా కనబడుతుంది. గ్రాఫిక్స్ పోయిందనుకుని డ్రైవర్ తీసేయకండి. డ్రైవర్‌కు అక్షరాలతో సంబంధం లేదు, లేనిది ఫాంట్. నోటో సాన్స్ గుంజాల గోండి అనే ఫాంట్ ఉచితంగా దొరుకుతుంది, వేసుకుంటే డబ్బాలు అక్షరాలైతయి. ఆ లిపి చేతిరాత ప్రతులు దశాబ్దాలు గుంజాల ఇళ్లల్లోనే ఉన్నాయి.

వచ్చే ఆదివారం ఆబిడ్స్ పోయేవాళ్లు పెన్‌డ్రైవ్‌లో లైనక్స్ ఎక్కించుకుని పోండి. ఇన్‌స్టాల్ చేయకుండానే పెన్‌డ్రైవ్ నుంచే నడుస్తది. పైసలు ఇచ్చే ముందు దుకాణంలోనే కార్డు పెట్టించి, దాంతో స్టార్ట్ చేయమని అడగండి. చాలామంది విసుక్కుంటారు, ఇద్దరు ముగ్గుర్ని అడిగితే ఒకరు ఒప్పుకుంటారు. ఎల్ఎస్‌పీసీఐ కొట్టి చిప్ పేరు రాసుకోండి, కార్డు వెనక స్టిక్కర్ ఫోటో తీసుకోండి. పేరు 730 అని ఉంటే రెండుసార్లు చూడండి.